మంచు లేని దారిలో బయాథ్లాన్: పర్లాకిమిడి నుంచి జయపురం దాకా

ఫిబ్రవరి 14, 2025, శుక్రవారం: పర్లాకిమిడి

నౌపడలో గుణుపురం రైలెక్కితే శ్రీకాకుళం జిల్లా ఎక్కడ ఆగిందో, ఒడిశా ఎక్కడ మొదలైందో స్టేషను బోర్డు మీది లిపిని బట్టి తెలియాలి తప్ప మనుషుల మాటను బట్టి తెలియదు. టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడిలో దిగినా ఆటో బేరం తెలుగులోనే సాగింది. 1900 నాటికి ఇక్కడి రాజావారు వేయించిన చిన్న రైలు దారి ఇది. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది కానీ నింపాదితనం ఇంకా పాతదే.

తమ్ముడి పెళ్లి శుభలేఖలు పంచడం నా పని. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్, జయపురం అంతటా చుట్టాలే. నా తిప్పలల్లా ఒకటే. సరిగ్గా ఈ రోజుల్లోనే స్విట్జర్లాండ్‌లోని లెంజర్‌హైడ్‌లో బయాథ్లాన్ ప్రపంచ చాంపియన్‌షిప్ జరుగుతోంది. మంచు మీద స్కీలతో పరుగెత్తుతూ మధ్యమధ్య రైఫిల్‌తో గురి చూసి కాల్చే ఆట ఇది. పత్రికలో క్రీడల పేజీ దిద్దే ఉద్యోగం నాది. మా ఆఫీసులో ఈ ఆటను ఇష్టపడేది నేనొక్కదాన్నే. దీని మీద రెండు పేరాలు రాసిస్తే క్రికెట్ స్కోరు కింద ఒక్క పేరాగా తేలుతుంది.

పర్లాకిమిడిలో మాత్రం నాకు తోడు దొరికింది. మావయ్య సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. గుల్మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్లో స్కీల మీద శిక్షణ పొందినవాడు. రాత్రి మహిళల స్ప్రింట్ (ఒక్కొక్కరే బయలుదేరే పొట్టి పందెం) మొదలవుతుండగా ఫోను ఆయన ముందు పెట్టాను. రెండు నిమిషాలు చూసి, "ఏమ్మా, వీళ్లు భుజాన తుపాకితో మంచు మీద పరుగెత్తివచ్చి వెంటనే కాలుస్తున్నారే! ఇది మా పనే కదా" అన్నాడు.

నిజమే, ఇది సైనికుల గస్తీ నుంచి పుట్టిన ఆటే. ఒలింపిక్స్‌లో బయాథ్లాన్ పేరుతో 1960లో చేరింది. మహిళలకు 1992లో గాని ఒలింపిక్ అవకాశం రాలేదు. రైఫిల్ బరువు కనీసం మూడున్నర కిలోలు. గురి 50 మీటర్ల దూరంలో ఉంటుంది. నిలబడి కాల్చేటప్పుడు తగలవలసిన వలయం అడ్డుకొలత 115 మిల్లీమీటర్లు, పడుకుని కాల్చేటప్పుడు 45 మాత్రమే. అత్తయ్య పులిహోర కోసం కోసిన నిమ్మకాయను చూపించి ఇంతే అన్నాను. ఆవిడ నమ్మలేదు.

మావయ్య ఊరుకోలేదు. వసారాలో చాప వేసుకుని, చేతికర్ర పట్టుకుని బోర్లా పడుకున్నాడు. పట్టీ ఎడమ దండకు ఎలా బిగుస్తుందో, మోచేయి ఎక్కడ ఆనుతుందో చూపించాడు. "ఊపిరి పూర్తిగా వదలకూడదు. కొంత వదిలి ఆపాలి. గుండె కొట్టినప్పుడల్లా గొట్టం మొన కదులుతుంది. ఆ రెండు దెబ్బల నడుమ నొక్కాలి." గుండె నిమిషానికి 170, 180 సార్లు కొట్టుకుంటూ ఉంటే ఆ నడిమి సందు ఎంతో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. ఒక్కో తూటాకు బోల్టును చూపుడువేలితో వెనక్కి లాగి బొటనవేలితో ముందుకు నెట్టాలి. ఆ వేళ్ల ఆట ఆయనకు కొత్త. ఆయన కాల్చిన తుపాకులు వేరు. ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పించి చూశాడు. చాప మీంచి లేవడానికి మాత్రం నేనూ అత్తయ్యా చెరో చేయీ పట్టవలసి వచ్చింది.

స్వర్ణం ఫ్రాన్స్ క్రీడాకారిణి జుస్తీన్ బ్రేజా-బూషేది, రజతం జర్మనీకి చెందిన ఫ్రాన్సిస్కా ప్రాయిస్‌ది, కాంస్యం ఫిన్లండ్ అమ్మాయి సువి మింకినెన్‌ది.

ఫిబ్రవరి 15, శనివారం: చంద్రగిరి

మావయ్య పట్టుబట్టి తీసుకెళ్లాడు. మోహన మీదుగా బస్సులో కొండలెక్కి చంద్రగిరి చేరాం. 1960ల నుంచి ఇక్కడ టిబెట్ శరణార్థుల కాలనీలున్నాయి. దగ్గర్లోని జిరంగ్ పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. మొక్కజొన్న చేల మధ్య ఆ బంగారు రంగు కప్పులు కనిపించగానే బస్సులో పిల్లలంతా ఒకవైపుకు ఒరిగారు. టిబెట్ కొత్త సంవత్సరం లోసర్ పండుగ నెలాఖరుకు వస్తుందని ఇళ్లకు సున్నాలు వేస్తున్నారు.

టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన మాతో చక్కటి తెలుగులో మాట్లాడారు. చలికాలమంతా విశాఖలో స్వెటర్లు అమ్ముతారట, ఈ మధ్యనే తిరిగివచ్చారట. ఫోనులో లెంజర్‌హైడ్ చూపిస్తే ఆటగాళ్ల కన్నా మంచునే ఎక్కువసేపు చూశారు. పొడి మంచు కాదు, మధ్యాహ్నం కరిగి రాత్రి గట్టిపడే రకం అని తేల్చారు. ఇక్కడ పుట్టి పెరిగిన మీకెలా తెలుసని అడగబోయి మానుకున్నాను. మావయ్య మాత్రం ఆయన చెప్పింది సరిగ్గా ఉందన్నాడు. అలాంటి మంచు మీద జారడానికి స్కీల అడుగున ఏ మైనం రాయాలన్నదే ప్రతి జట్టులోనూ తెర వెనుక యుద్ధం. 2023–24 సీజను నుంచి ఫ్లోరిన్ కలిసిన మైనాలను నిషేధించాక ఆ పని చేసే సాంకేతిక బృందాలకు మరింత కష్టమైంది. సొమ్మున్న జట్టుకూ లేని జట్టుకూ తేడా తుపాకిలో కన్నా స్కీ అడుగున ఎక్కువగా కనిపిస్తుంది.

తిరుగు బస్సు ఆర్.ఉదయగిరి దగ్గర మలుపులు తిరుగుతుంటే సిగ్నలు వస్తూ పోతూ ఉంది. పురుషుల స్ప్రింట్ ముక్కలు ముక్కలుగా చూశాం. నార్వే వీరుడు యోహానెస్ థింగ్నెస్ బో గెలిచాడు. ఈ సీజనుతో ఆట నుంచి తప్పుకుంటానని తన అన్నయ్య తార్యేతో కలిసి జనవరిలోనే ప్రకటించాడు. మూడో స్థానం ఫ్రాన్స్‌కు చెందిన కాంతాన్ ఫియాన్ మాయేది. రెండో స్థానంలో వచ్చిన పేరు చూసి మావయ్య, "అమెరికావాడా?" అన్నాడు. క్యాంప్‌బెల్ రైట్ న్యూజిలాండ్‌లో పుట్టి పెరిగినవాడు. బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆ దేశం తరఫునే దిగాడు. తల్లిదండ్రులు అమెరికన్లు కావడంతో తరువాత ఆ జట్టుకు మారాడు. వయసు 22.

ఇక్కడే మావయ్యకూ నాకూ వాదన మొదలైంది. ఒక కుర్రాడు రజతం తెచ్చాడు కనక అమెరికా బలమైన జట్టు అయిపోయిందని ఆయన వాదన. నేను ఒప్పుకోలేదు. పతకం ఒక మనిషి బలాన్ని చెబుతుంది. జట్టు బలం తెలియాలంటే, చోటు దొరక్క ఇంట్లో మిగిలిపోయినవాడు ఎంతటివాడో చూడాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం: గుణుపురం

వంశధార ఒడ్డున ఉన్న గుణుపురం పెద్ద ఊరేమీ కాదు. పిన్ని ఇంట శుభలేఖ ఇచ్చి, పనసకాయ కూరతో భోంచేసి, ఆమె ఆడపడుచు భర్త పనిచేసే ఆశ్రమ పాఠశాల చూడడానికి వెళ్లాను. ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడు, సొంత ఊరు నెల్లిమర్ల వైపు. అందరూ మాస్టారనే పిలుస్తారు, నేనూ అంతే.

సవర, కోందు పిల్లల హాస్టలు అది. మైదానంలో సున్నంతో గీసిన ట్రాకు వానలకు చెరిగి సగమే మిగిలింది. మాస్టారి దగ్గర అట్ట ఊడిన పెద్ద నోటుపుస్తకం ఉంది. ప్రతి పేజీలో పరుగు పందేల కాలాలు. మొదటి పేరు కింద గీత గీయడం మామూలే. ఆయన మాత్రం అయిదో పేరు, ఆరో పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. ఎందుకని అడిగాను.

"మొదటి అమ్మాయి ఎలాగూ జిల్లాకు వెళుతుందమ్మా. ఆరో అమ్మాయికి, మొదటి అమ్మాయికి నాలుగు సెకన్ల తేడా ఉంటే మొదటి అమ్మాయికి నిద్ర సరిపోతుంది. తేడా ఒక్క సెకను అయితే తెల్లవారుజామున తనే లేచి నన్ను లేపుతుంది."

తమ వైపు కొండవెలగాడలో బరువులెత్తే అమ్మాయిలు అలాగే తయారయ్యారని ఆయన చెప్పారు. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మత్స సంతోషికి మొదట కాంస్యం వచ్చింది. గెలిచిన అమ్మాయి డోపింగులో దొరకడంతో అది రజతమైంది. ఆ ఊళ్లో సంతోషి ఒక్కర్తే ఉంటే అది అదృష్టం అనుకోవచ్చు. కానీ ఆమెకు ముందూ వెనకా ఇంటింటా ఎత్తేవాళ్లున్నారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి కూడా అక్కాచెల్లెళ్లతో, తోటి పిల్లలతో పోటీపడుతూ పెరిగినదే. ఒడిశాలోనైతే సుందర్‌గఢ్ జిల్లా సౌనామారా ఉంది. దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ ఇద్దరూ ఆ ఊరి వాళ్లే. హాకీలో చోటు కోసం దేశంతో పోటీ పడే ముందు పక్కింటివాడితో పోటీ పడవలసిన ఊరది.

సాయంత్రం పర్స్యూట్ పందేలు మాస్టారి ఫోనులో చూశాం. పిల్లలు గుంపుగా మీద పడ్డారు. పర్స్యూట్‌ను వివరించడం తేలిక. స్ప్రింట్‌లో ఎవరు ఎంత తేడాతో వచ్చారో అంతే తేడాతో బయలుదేరుతారు, ముందుగా గీత దాటినవాళ్లదే గెలుపు. తప్పిన ప్రతి తూటాకూ 150 మీటర్ల పెనాల్టీ లూప్ ఒకసారి చుట్టిరావాలి. దానికి ఇంచుమించు ఇరవై, ఇరవై అయిదు సెకన్లు పోతాయి. నల్లని గురి తగలగానే తెల్లగా మారుతుంటే పిల్లలు సవరలో, ఒడియాలో, తెలుగులో ఎవరి భాషలో వాళ్లు లెక్కపెట్టారు. నల్లగా ఒక్కటి మిగిలిపోతే అందరూ ఒక్క గొంతుతో అయ్యో అన్నారు. మహిళల్లో ప్రాయిస్ గెలిచింది. స్వీడన్‌కు చెందిన ఎల్విరా ఓబెర్గ్ రెండోది, బ్రేజా-బూషే మూడోది. పురుషుల్లో మళ్లీ బో, మళ్లీ రైట్, మూడోవాడు ఫ్రాన్స్ యువకుడు ఎరిక్ పెరో.

ఫోను తిరిగి ఇస్తూ మాస్టారు, "ఆ ఫ్రాన్స్ వాళ్లు ఎంతమంది ఉన్నారు?" అని అడిగారు. ప్రశ్న సరిగ్గా అక్కడే పడాలి.

ఫిబ్రవరి 17, సోమవారం: రాయగడ దారిలో

ఈ రోజు పందేలు లేవు. గుణుపురం నుంచి రాయగడకు బస్సు, ఆ బస్సులో నా పక్కన రెండు కోడిపుంజులు. రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని, తోట దగ్గరి లాడ్జిలో దిగి నిద్రపోయాను.

ఫిబ్రవరి 18, మంగళవారం: రాయగడ

బజారంతా తెలుగు బోర్డులే. శివరాత్రి వారం రోజుల్లో ఉంది, కొబ్బరికాయల లారీలు దిగుతున్నాయి. శుభలేఖలు ఇవ్వవలసిన ఇళ్లలో ఒక్కో చోటా టిఫిను తినక తప్పలేదు. మూడో ఇంట్లో చల్ల తాగి ఊరుకున్నాను.

గుల్మార్గ్‌లో తగినంత మంచు పడలేదని ఈ నెలాఖరులో అక్కడ జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను వాయిదా వేశారన్న వార్త చూశాను. కొందరికి నవ్వు వచ్చే వార్తే. నాకు రాలేదు. శీతాకాల ఆటల్లో మనకు ఉన్న పునాది ఏమిటో అది చెబుతోంది: ఒకటి రెండు వాలులు, సైన్యం, ఐటీబీపీ (భారత్-టిబెట్ సరిహద్దు పోలీసు దళం), ఇంకా లడఖ్, కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ పిల్లల ఓపిక. సైనికుడు జగదీశ్ సింగ్ 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో 15 కిలోమీటర్ల స్కీయింగ్‌లో 103వ స్థానంలో వచ్చాడు. ఆ అంకె చూసి చిన్నబుచ్చుకోవడం తేలిక. అతని వెనకాల దేశంలో రెండోవాడికీ మూడోవాడికీ పోటీలకు వెళ్లే దారి ఎంత ఉందన్నది అసలు విషయం. ఒలింపిక్ బయాథ్లాన్‌లో భారత్ పేరు ఇంకా ఎక్కలేదు. రైఫిల్ షూటింగ్‌లో ఒలింపిక్ స్వర్ణం ఉన్న దేశం మనది, కాబట్టి గురి లేదని అనడానికి వీల్లేదు. మంచు మీద పరుగు, గురి ఒక్కరిలో కలవాలంటే పన్నెండేళ్ల వయసులో మొదలు పెట్టాలి. సైన్యంలో చేరాక పద్దెనిమిదో ఏట మొదలుపెట్టినవాడు ఎంత గట్టివాడైనా ఆ లోటు తీరదు.

పుట్టుకతో మంచు దొరికే దేశాల్లో వరుస వేరుగా ఉంటుంది. పిల్లలు క్లబ్బుల్లో గాలి తుపాకులతో మొదలుపెడతారు. యూత్, జూనియర్ ప్రపంచ పోటీలు వేరుగా ఉన్నాయి. దాని పైన ఐబీయూ కప్ (అంతర్జాతీయ బయాథ్లాన్ సమాఖ్య నడిపే రెండో మెట్టు పోటీ), ఆ పైన ప్రపంచ కప్. ప్రపంచ కప్‌లో ఒక్కో దేశానికి ఎన్ని చోట్లో నేషన్స్ కప్, అంటే దేశాల మొత్తం పాయింట్ల పట్టిక, వరుసను బట్టి తేలుతుంది. కాబట్టి జట్టు మొత్తం బాగా ఆడితేనే వచ్చే ఏడాది కొత్తవాడికి చోటు. వేసవిలో మంచు లేకపోతే చక్రాల స్కీలతో తారు రోడ్డు మీద సాధన చేస్తారు, దానికి ప్రపంచ పోటీలు కూడా ఉన్నాయి. రాయగడ బైపాసు చూసినప్పుడు, లారీలు లేని వేళ అయితే అని ఒక్క క్షణం అనిపించింది. లారీలు లేని వేళ అంటూ ఆ రోడ్డుకు లేదు.

రాత్రి మహిళల 15 కిలోమీటర్ల ఇండివిడ్యువల్. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పందెం. ఇందులో లూప్ ఉండదు. తప్పిన ప్రతి తూటాకూ నేరుగా ఒక నిమిషం కలుపుతారు. పరుగు బలం ఉన్నవాళ్లను గురి ఉన్నవాళ్లు ఓడించే అవకాశం ఎక్కువగా ఉన్న పందెం ఇది. జూలియా సిమోన్ స్వర్ణం, స్వీడన్‌కు చెందిన ఎల్లా హల్వర్షోన్ రజతం, లూ జాన్‌మొనో కాంస్యం. సిమోన్, జాన్‌మొనో ఇద్దరూ ఫ్రాన్సే. స్ప్రింట్ గెలిచిన బ్రేజా-బూషే ఈ ముగ్గురిలో లేదు, అయినా ఫ్రాన్స్‌కు లోటు తెలియలేదు. మాస్టారి ఎర్ర సిరా సున్నాలు గుర్తుకొచ్చి ఫలితాలు ఆయనకు పంపాను.

ఫిబ్రవరి 19, బుధవారం: కొరాపుట్

రాయగడ నుంచి కొరాపుట్‌కు రైలు. సొరంగంలో చీకటి, బయట ఎండ, మళ్లీ చీకటి. చదువుదామని తెచ్చిన కాగితాలు మూసేశాను. టికిరి దాటాక గాలి చల్లబడింది. పెట్టెలో ఒక ముసలామె రాగి అంబలి సొరకాయ బుర్రలోంచి గ్లాసులోకి వంచుకుని తాగింది.

కొరాపుట్‌లో మా బాబాయి కాఫీ తోటల వ్యాపారం చేస్తాడు. ఇంట్లో అందరూ క్రికెట్ పెట్టుకున్నారు, నాకు వసారా మిగిలింది. పురుషుల 20 కిలోమీటర్ల ఇండివిడ్యువల్ ఎరిక్ పెరో గెలిచాడు. అతనిది 2001 పుట్టుక. రెండోవాడు ఇటలీకి చెందిన తొమ్మాసో జాకొమెల్, 2000లో పుట్టినవాడు. బో మూడు. ముప్పై దాటిన రాజు ఇంకా వేదిక మీదే ఉన్నాడు, పక్కన పాతికేళ్లు నిండని ఇద్దరు ఉన్నారు. తరం మారడం ఇంత స్పష్టంగా ఒకే వేదిక మీద కనిపించడం అరుదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం: దేవమాలి

నిన్న సింగిల్ మిక్స్‌డ్ రిలేలోనూ (ఒక మహిళ, ఒక పురుషుడు జోడీగా దిగే పందెం) ఫ్రాన్సే. సిమోన్, ఫియాన్ మాయే కలిసి గెలిచారు. వ్యాఖ్య అనవసరం.

ఈ ఉదయం బాబాయి కూతురితో దేవమాలి ఎక్కాను. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం. లెంజర్‌హైడ్ పందేలు జరిగే చోటు సుమారు 1,400 మీటర్లే. పైన గాలి విసురుకు చున్నీ నిలవలేదు. పిల్ల చాలాసేపు దాన్ని గాలికి పట్టుకుని ఎటు ఎగురుతోందో చూసింది. షూటింగ్ రేంజిలోనూ చిన్న జెండాలు పెడతారు, గాలి మారితే రైఫిల్ మీది గురి చూసే సైటును క్లిక్కుల లెక్కన తిప్పుకుంటారు అని చెప్పాను. "మధ్యలో గాలి మారితే?" అంది. ఆగి వేచి ఉండాలి, లేదా గురి పక్కకు పెట్టి కాల్చాలి. కాలం పోతుంది, లేదా తూటా పోతుంది. ఏది పోగొట్టుకోవాలో తేల్చుకోవడానికి మూడు నాలుగు సెకన్లే ఉంటాయి. పిల్లకు ఇది నచ్చింది. దిగేదాకా ప్రతి మలుపులో ఆగి నేను ఏది పోగొట్టుకుంటానో అడిగింది.

ఫిబ్రవరి 22, శనివారం: జయపురం

ఘాటు దిగి జయపురం చేరేసరికి ఎండ మండుతోంది. పెదనాన్నగారి అబ్బాయికి బట్టల కొట్టు ఉంది. గల్లా దగ్గరే కూర్చుని రిలేలు చూశాను.

రిలేలో ఒక్కొక్కరికి ప్రతి కాల్పుకూ అయిదు తూటాలతో పాటు మూడు అదనపు తూటాలు ఇస్తారు. ఆ మూడింటినీ చేత్తో ఒక్కొక్కటిగా ఎక్కించుకోవాలి. చలికి వేళ్లు కొంకర్లు పోయినవాడు అక్కడే చిక్కుకుంటాడు. నలుగురిలో ఒక్కడు బలహీనుడైతే ఆ ముగ్గురి శ్రమా పోయినట్టే. దేశం బలం చూడాలంటే నేను పతకాల పట్టిక చూడను, రిలేలో మూడోవాడిగా ఎవరు పరుగెత్తారో చూస్తాను. ఫ్రాన్స్ మహిళలు జాన్‌మొనో, మిషెలాన్, బ్రేజా-బూషే, సిమోన్ వరుసలో దిగి గెలిచారు. ఓసియాన్ మిషెలాన్‌కు ఇంకా 22 ఏళ్లే. పురుషుల్లో నార్వే, ఫ్రాన్స్, జర్మనీ. అన్నయ్య చీరలు మడతపెడుతూ, "ఈ బో అన్నదమ్ములు పోతే నార్వే పని అయిపోతుందిగా" అన్నాడు. రేపు చూడు అన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం: జయపురం

ఉదయం కొట్టుకు సెలవు. ఊళ్లో అందరూ గుప్తేశ్వరం శివరాత్రి తిరునాళ్ల గురించే మాట్లాడుతున్నారు. అదే రోజు భారత్, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచి కూడా. వదినను బతిమాలి చిన్న గదిలో ఫోనుకు చోటు సంపాదించాను.

మాస్ స్టార్ట్‌లో ముప్పైమందికే చోటు. అందరూ ఒకేసారి బయలుదేరుతారు, నాలుగుసార్లు కాలుస్తారు. మహిళల్లో ఎల్విరా ఓబెర్గ్, మిషెలాన్, నార్వే అమ్మాయి మారెన్ కిర్కేయిడే. కిర్కేయిడేకు 21 ఏళ్లు. పురుషుల్లో గెలిచినవాడు ఎండ్రె స్ట్రోమ్స్‌హైమ్. ఐబీయూ కప్‌లో నెగ్గుకుంటూ, పెద్ద జట్టులో చోటు కోసం కాచుకుంటూ పైకి వచ్చినవాడు. వెనకాల బో, ఆ వెనకాల స్తుర్లా హోల్మ్ లేగ్రైడ్. మొదటి మూడు స్థానాలూ నార్వేవే. వెళ్లిపోతున్న రాజును ఓడించింది సొంత జట్టువాడే.

క్రికెట్ విరామంలో అన్నయ్య వచ్చి ఫలితం అడిగి, వచ్చే ఏడాది ఫిబ్రవరిలో ఇటలీలోని అంతర్సెల్వాలో జరిగే ఒలింపిక్ పందేలకు ఇప్పుడే పందెం కాద్దామన్నాడు. పురుషుల రిలేకు అతను నార్వే అన్నాడు, నిన్నటి మాట మర్చిపోయి. నేను ఫ్రాన్స్ అన్నాను. మహిళల రిలేకు నేను మళ్లీ ఫ్రాన్స్ అంటే, అది పందెం కాదు అంటూ స్వీడన్ తీసుకున్నాడు, అదీ నేను చెప్పిన పేరే. పురుషుల స్ప్రింట్ దగ్గర మాత్రం ఇద్దరి నోటా ఒకేసారి జాకొమెల్ పేరు వచ్చింది. సొంత మంచు మీద పరుగెత్తేవాడిని వదులుకోవడానికి ఎవరమూ ఒప్పుకోక ఆ ఒక్క పందెం కుదరలేదు.